బ్యాండిట్: పన్నెండో లెవెల్ దాకా తప్పక ఆడవలసిన ఆట

కొత్తగా చేరిన డెవలపర్లకు టెర్మినల్ అలవాటు చేయించడం మా ఆఫీసులో నా వంతు. విశాఖలో మాది చిన్న సంస్థ. శిక్షణకంటూ వేరే విభాగం లేదు కాబట్టి, సర్వర్లు చూసుకునే నాకే ఆ పనీ అంటగట్టారు. వచ్చేవారిలో చాలామంది జావా బాగా రాస్తారు, రియాక్ట్‌తో చక్కని పేజీలు కడతారు. రాసిన కోడును నడపమంటే మాత్రం ఎడిటర్ మూలన ఉన్న ఆకుపచ్చ త్రికోణం కోసం చూస్తారు. మా సర్వర్ల మీద ఆ త్రికోణం ఉండదు. నల్లటి తెర, ఒక డాలరు గుర్తు, దాని పక్కన కర్సర్, అంతే. ఆ తెర ముందు బెరుకు పోవడానికి మొదటి వారం వారి చేత నేను ఆడించే ఆట బ్యాండిట్. ఓవర్‌దవైర్ అనే సైటులో ఉచితంగా దొరుకుతుంది.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. కమాండ్ లైన్‌కు కొత్తవారికి దీనికి సాటి వచ్చే పాఠం నేను చూడలేదు. కానీ దీన్ని తయారు చేసినవారి మనసులో ఉన్నది డెవలపర్ కాదు, భద్రతా రంగంలోకి వెళ్లాలనుకునే విద్యార్థి. ఆ తేడా తెలియకుండా ఆడేవారు సగంలో నీరసపడి వదిలేస్తారు, లేదా పూర్తిచేసి కూడా ఆఫీసులో రోజూ కావలసిన నాలుగు కమాండ్ల దగ్గర తడబడతారు.

ఆట పద్ధతి సులువు. ఎక్కడో ఒక లినక్స్ సర్వర్ ఉంది. దానిలోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరంలో ఉన్న కంప్యూటర్‌ను మన టెర్మినల్ నుంచి భద్రంగా వాడుకునే పద్ధతితో, లాగిన్ కావాలి. ప్రతి లెవెల్‌లోనూ తర్వాతి లెవెల్‌కు పాస్‌వర్డ్ దాగి ఉంటుంది. దాన్ని వెదికి పట్టుకుని, బయటికి వచ్చి, కొత్త పేరుతో మళ్లీ లోపలికి వెళ్లాలి. సైటులో ఒక్కో లెవెల్‌కు ఒక్కో పేజీ. అందులో పాస్‌వర్డ్ ఎక్కడుందో రెండు మూడు వాక్యాలు, పనికిరాగల కమాండ్ల పేర్లు, అక్కడక్కడ చదువుకోవడానికి ఒకటి రెండు లింకులు. వీడియో లేదు, ఉపన్యాసం లేదు, సరిగ్గా చేశావని భుజం తట్టే బొమ్మలూ లేవు. పాస్‌వర్డ్ దొరికిందంటే సరిగ్గా చేసినట్టే.

సమాధానాలను ఎక్కడా ప్రచురించవద్దని లాగిన్ కాగానే కనిపించే సందేశంలోనే వేడుకుంటారు. అందుచేత ఆ పేజీల్లో బహిరంగంగా ఉన్న ప్రశ్నలను మాత్రమే ఇక్కడ ప్రస్తావిస్తాను. ఉదాహరణలు నా సొంతవి.

అసలు ఆట మొదలయ్యేలోపే మూడు చోట్ల కాలు తట్టుకుంటుంది. ఇది ఆట తప్పు కాదు కానీ, పక్కన చెప్పేవారు లేకపోతే చాలామంది ఇక్కడే వెనుదిరుగుతారు. ఒకటి, మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ఈ సర్వర్‌ను నమ్మవచ్చా అని అక్షరాలూ అంకెలూ కలగలిసిన పొడవాటి ముద్ర చూపించి అడుగుతుంది. అక్కడ ‘వై’ అనే ఒక్క అక్షరం సరిపోదు, ‘యెస్’ అని పూర్తిగా టైపు చేయాలి. రెండు, పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పాడైందనుకుని తీగ ఊడదీసి మళ్లీ పెట్టినవారిని చూశాను. అక్షరాలు వెళుతూనే ఉంటాయి, ఎంత పొడవుందో పక్కవారికి తెలియకూడదని చూపించదు, అంతే. మూడు, కాపీ పేస్టు. ఈ పాస్‌వర్డ్‌లు పొడవైనవి, చేత్తో కొట్టడం వృథా శ్రమ. లినక్స్ టెర్మినల్‌లో కంట్రోల్ వి పనిచేయదు, షిఫ్టు కూడా కలపాలి. ఇక కంట్రోల్ సి అయితే కాపీ చేయకపోగా, నడుస్తున్న పనిని ఆపేస్తుంది. ఈ ఒక్క సంగతి ముందు తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది.

ఇంకో అడ్డంకి నెట్‌వర్కుది. ఈ సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్‌కు అలవాటైన 22 కాక 2220 అనే పోర్టు (కనెక్షన్లు వచ్చే ద్వారపు సంఖ్య) వాడుతుంది. కాలేజీల్లోనూ ఆఫీసుల్లోనూ అలాంటి పోర్టులను మూసి ఉంచుతారు. ఒక కాలేజీ ల్యాబులో ఇది చూపించబోతే ఒక్క కంప్యూటర్ నుంచీ కనెక్షన్ కుదరలేదు, చివరికి ఫోను హాట్‌స్పాటే దిక్కయింది. ఎంతసేపటికీ జవాబు రాకుండా కాలం చెల్లిందనే (టైమ్‌డ్ అవుట్) సందేశం వస్తే పాస్‌వర్డ్‌ను అనుమానించకండి, నెట్‌వర్కును అనుమానించండి. విండోస్ వాడేవారికి ఒకప్పుడు పుట్టీ లాంటి ప్రోగ్రామ్ కావలసి వచ్చేది. 2018 నుంచి విండోస్ 10తోనే ఎస్‌ఎస్‌హెచ్ వస్తోంది, పవర్‌షెల్ తెరిచి అదే కమాండ్ కొట్టవచ్చు.

లోపలికి అడుగుపెట్టాక మొదటి నాలుగైదు లెవెల్స్ చూడటానికి పిల్లలాటలా ఉంటాయి. ఎక్కడున్నామో చెప్పే పీడబ్ల్యూడీ, చుట్టూ ఏముందో చూపే ఎల్‌ఎస్, చోటు మార్చే సీడీ, ఫైలులో ఉన్నది తెర మీద పరిచే క్యాట్. ఈ నాలుగింటితో నెట్టుకురావచ్చు. కానీ ఆట పెట్టినవాళ్లు గడుసువాళ్లు. ఒక లెవెల్‌లో ఫైలు పేరే ఒక చిన్న అడ్డగీత. అక్షరం లేదు, అంకె లేదు, ఒట్టి గీత. క్యాట్ అని కొట్టి పక్కన ఆ గీత పెడితే టెర్మినల్ ఉలకదు, పలకదు. పార్వతీపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి నన్ను పిలిచి, “ఆగిపోయింది సార్, సర్వర్ పడిపోయినట్టుంది” అన్నది. ఏదైనా టైపు చేసి ఎంటర్ కొట్టమన్నాను. తన పేరు కొట్టింది, అదే పేరు కింద మళ్లీ వచ్చింది. ఇంకోసారి కొట్టింది, ఇంకోసారి వచ్చింది. సర్వర్ పడిపోలేదు. ఒంటరి గీత కనిపిస్తే క్యాట్ దాన్ని ఫైలు పేరుగా తీసుకోదు, కీబోర్డు నుంచి వచ్చేది చదువుతూ కూర్చుంటుంది. ప్రోగ్రాముకు సమాచారం ఫైలు నుంచే రానక్కరలేదు, కీబోర్డు నుంచి రావచ్చు, మరో ప్రోగ్రాము నుంచీ రావచ్చు. తరగతిలో నేను గంటసేపు బోర్డు మీద గీసినా ఎక్కని ఈ సంగతి ఆ గీత పేరున్న ఫైలు రెండు నిమిషాల్లో ఎక్కించింది. బయటపడటానికి కంట్రోల్ సి. గీత పేరున్న ఆ ఫైలును ఎలా తెరవాలన్నది మీరే కనుక్కోండి.

తర్వాతి ఫైలు పేరులో ఖాళీలు ఉంటాయి. మన కంప్యూటర్లలో ‘నా ఫోటోలు’, ‘కొత్త ఫోల్డర్’ లాంటి పేర్లు మామూలే కనుక ఇది అందరికీ తగిలే చిక్కు. మనం కొట్టిన కమాండ్‌ను చదివి నడిపే ప్రోగ్రామ్ షెల్. దానికి ఖాళీ అంటే ఒక మాట ముగిసి మరో మాట మొదలైనట్టు. ‘నా’ అనే ఫైలు వేరు, ‘ఫోటోలు’ అనే ఫైలు వేరు అనుకుని రెండూ లేవంటుంది. పేరంతా కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. అంతకంటే మంచి అలవాటు మొదటి రెండు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కడం. మిగిలిన పేరును షెల్ తానే సరిగ్గా పూరిస్తుంది. ట్యాబ్ మీదికి వేలు తనంతట తాను పోయే దాకా ఎవరినీ నేను నాలుగో లెవెల్‌కు పోనివ్వను.

నాలుగో లెవెల్ పేజీలో ఉన్న ఒక చిన్న సలహా నాకు భలే నచ్చింది. టెర్మినల్ గందరగోళమైతే రీసెట్ అని కొట్టమంటారు. చదవదగిన అక్షరాలు లేని ఫైలును క్యాట్‌తో తెరిస్తే తెర నిండా పిచ్చిగీతలు వచ్చి, ఆ తర్వాత మీరు కొట్టేదీ పిచ్చిగీతల్లాగే కనిపించవచ్చు. కొత్తవారు కిటికీ మూసేసి మళ్లీ తెరుస్తారు. రీసెట్ అనే ఆ ఒక్క మాట చాలు, కనిపించకపోయినా కొట్టి ఎంటర్ నొక్కితే తెర దారికి వస్తుంది. ఇంతకీ తెరవబోయే ఫైలు ఏ రకమో ముందే చెప్పడానికి ఫైల్ అనే కమాండ్ ఉంది. విండోస్‌లో పేరు చివరి మూడక్షరాలను బట్టి ఫైలు రకాన్ని గుర్తించడం అలవాటైనవారికి, లోపలి బైట్లు చూసి చెప్పే ఈ కమాండ్ కళ్లు తెరిపిస్తుంది.

అయిదు, ఆరు లెవెల్స్ దగ్గర ఆట అసలు రూపం బయటపడుతుంది. మనుషులు చదవగలిగేది, సరిగ్గా 1033 బైట్లున్నది, ప్రోగ్రాములా నడపడానికి వీల్లేనిది అని మూడు ఆనవాళ్లు చెప్పి, బోలెడు ఫోల్డర్ల మధ్య ఆ ఒక్క ఫైలును పట్టుకోమంటుంది. ఆ తర్వాతిది మరీ దారుణం, సర్వర్ మొత్తంలో ఎక్కడైనా ఉండవచ్చంటుంది. ఫైండ్ అనే కమాండ్ లేనిదే పని జరగదు. ఫైండ్‌కు డజన్ల కొద్దీ ఆప్షన్లు ఉన్నాయి, వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు, నేనూ పెట్టుకోలేదు. అందుకే ఇక్కడ మ్యాన్ పేజీ, అంటే మ్యాన్ అని కొట్టి పక్కన కమాండ్ పేరు పెడితే తెరుచుకునే వివరణ, చదవడం తప్పదు.

మ్యాన్ పేజీలంటే కొత్తవారికి హడలు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవాలనుకోవడం వల్లనే ఆ హడలు. రైల్వే టైంటేబుల్‌ను ఎవరైనా అలా చదువుతారా? మన స్టేషన్ వెదుక్కుని, ఆ వరుస చూసి మూసేస్తాము. మ్యాన్ పేజీ తెరిచాక ఏటవాలు గీత కొట్టి, కావలసిన మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే ఆ మాట ఉన్న చోటికి పోతుంది. ఎన్ నొక్కితే తర్వాతి చోటికి, క్యూ నొక్కితే బయటికి. సైజు కావాలా, ‘సైజ్’ అని వెదకండి. ఇంకో చిట్కా, సీడీ లాంటివి షెల్‌లోనే భాగం కాబట్టి వాటికి బ్యాష్‌లో (లినక్స్‌లో మామూలుగా ఉండే షెల్) హెల్ప్ అని కొట్టి పక్కన సీడీ అనాలి. ఈ ఆట నేర్పేవాటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఈ వెదుకులాటే.

అయినా ఒక ఫిర్యాదు ఉంది. మ్యాన్ పేజీలో ఉదాహరణలు తక్కువ, కొన్నిటిలో అసలు ఉండవు. పక్కన టీఎల్‌డీఆర్ అనే ఉచిత ప్రోగ్రామ్ పెట్టుకోమంటాను. ఏ కమాండ్ పేరు ఇచ్చినా, జనం ఎక్కువగా వాడే ఉదాహరణలు కొన్ని చూపించి ఊరుకుంటుంది. ఎక్కడో దొరికిన పొడవాటి కమాండ్ అర్థం కాకపోతే ఎక్స్‌ప్లెయిన్‌షెల్ అనే సైటులో అతికిస్తే ఏ ముక్క ఏం చేస్తుందో విడదీసి చెబుతుంది. ఏఐని అడిగి సమాధానం రాబట్టుకుంటే పాస్‌వర్డ్ దొరుకుతుంది, కానీ మీకు కావలసింది పాస్‌వర్డ్ కాదు కదా.

ఏడు నుంచి పది దాకా ఉన్న లెవెల్స్ నా దృష్టిలో ఆటకంతటికీ మకుటం. పెద్ద ఫైలులో ఒక మాట పక్కన ఉన్నది పట్టుకోవడం, ఒక్కసారి మాత్రమే వచ్చిన వరుసను పట్టుకోవడం ఇక్కడి పనులు. మాటను వెదికే గ్రెప్, వరుసలను క్రమంలో పెట్టే సార్ట్, పక్కపక్కనే ఉన్న నకళ్లను తీసేసే యూనిక్, వాటిని కలిపే పైపు అనే నిలువు గీత చేతికి వస్తాయి. ఒక ప్రోగ్రాము వెలువరించినదాన్ని నేరుగా మరో ప్రోగ్రాములోకి పంపాలన్నది బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన డగ్ మెకిల్‌రాయ్ ఆలోచన, 1973లో ఆయన సహోద్యోగి కెన్ థాంప్సన్ దాన్ని లినక్స్‌కు పూర్వీకుడైన యూనిక్స్‌లో చేర్చాడు. యాభై ఏళ్లు దాటినా ఆ నిలువు గీతకు బదులు వచ్చినది లేదు. మా ఆఫీసులో నెలకోసారైనా వచ్చే పని చెబుతాను. వెబ్ సర్వర్ నీరసిస్తుంది, ఎవరో అదేపనిగా తలుపు తడుతున్నారని అనుమానం. లాగ్ ఫైలులో ప్రతి వరుసకూ మొదట ఐపీ అడ్రసు ఉంటుంది. కట్‌తో ఆ ముక్క మాత్రం కోసుకుని, సార్ట్‌తో క్రమంలో పెట్టి, యూనిక్‌కు -సి చేర్చి ఒక్కోటీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టించి, మళ్లీ సార్ట్‌తో పెద్ద సంఖ్యలు పైకి తెచ్చి, హెడ్‌తో పై పది వరుసలు చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. అయిదు చిన్న కమాండ్లు, మధ్యలో నాలుగు నిలువు గీతలు. మధ్యలో సార్ట్ ఎందుకని అడుగుతారు. యూనిక్ పక్కపక్కనే ఉన్న వరుసలను మాత్రమే పోలుస్తుంది, దూరంగా ఉన్న జంటలు దానికి కనబడవు. మ్యాన్ పేజీలో ఈ మాట స్పష్టంగానే ఉంది. చదవనివారికి లెక్క తప్పు వస్తుంది, తప్పని తెలియను కూడా తెలియదు.

పన్నెండో లెవెల్ ఓపికకు పరీక్ష. పొర మీద పొరగా కుదించిన ఫైలును విప్పుకుంటూ పోవాలి. విసుగు పుడుతుంది, నిజమే. అయితే హోమ్ డైరెక్టరీలో ఏదీ రాయనివ్వరు కాబట్టి, /టెంప్ కింద సొంత ఫోల్డర్ చేసుకుని, అక్కడికి కాపీ చేసుకుని, పేర్లు మార్చుకుంటూ పనిచేయాలి. ఎంకేడిర్, సీపీ, ఎంవీ గట్టిగా వాడవలసి వచ్చేది ఇక్కడే.

ఇక్కడికి ఆపమని మా వాళ్లకు చెబుతాను. ఇక్కడి నుంచి ఆట ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు, పోర్టుల గాలింపు, సెట్‌యూఐడీ (ప్రోగ్రామును దాని యజమాని అధికారాలతో నడిపే ఏర్పాటు), క్రాన్ (వేళకు పనులు తానే నడిపే ఏర్పాటు) లోపాల వైపు మళ్లుతుంది. ముప్పైకి పైగా ఉన్న లెవెల్స్‌లో చాలా ఇలాంటివే. ఆసక్తి ఉన్నవారికి విందు. లాగిన్ పేజీ రాయడానికి వచ్చిన కొత్త డెవలపర్‌కు మొదటి వారంలో ఇవి అనవసరపు బరువు.

ఇక లోటు సంగతి. ఈ ఆటలో వెదకడం, చదవడం ఎక్కువ, తయారు చేయడం, తుడిచేయడం తక్కువ. మరొకరి సర్వర్‌లో వేలమంది ఆడే ఆట కనుక అది సహజమే. కానీ డెవలపర్ ఉద్యోగానికి ముప్పు తెచ్చేది క్యాట్ కాదు, ఫైళ్లను తుడిచేసే ఆర్‌ఎం. దానికి చెత్తబుట్ట లేదు, పోయింది పోయినట్టే. ‘బిల్డ్’ అని మొదలయ్యే ఫైళ్లన్నీ తీసేయబోయి, ఆ మాటకూ నక్షత్రానికీ మధ్య పొరపాటున ఒక ఖాళీ పడితే, బిల్డ్ ఒకటి, ఆ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ ఒకటి అని షెల్ అర్థం చేసుకుంటుంది. నక్షత్రాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పేది షెల్. ఆర్‌ఎం చేతికి వచ్చేది అప్పటికే విప్పిన జాబితా, దానికి మీ ఉద్దేశం తెలిసే అవకాశమే లేదు. లినక్స్‌లో ఆర్‌ఎం మొత్తం మూల డైరెక్టరీని (దాని పేరు ఒట్టి ఏటవాలు గీత) తుడవమంటే ఒప్పుకోదు, కానీ ఆ ఏటవాలు గీత పక్కన నక్షత్రం పెడితే ఆ కాపలా పనిచేయదు, కారణం ఇదే. అందుకని ఒక నియమం పెట్టాను. తుడిచే ముందు అదే నమూనాతో ఎల్‌ఎస్ కొట్టి చూడాలి. కనిపించిన జాబితా నచ్చితేనే ఆర్‌ఎం.

ఎంవీ కూడా సాధువేమీ కాదు. అదే పేరుతో అక్కడ ఇంకో ఫైలు ఉంటే, అడగకుండా దాని మీద రాసేస్తుంది. -ఐ చేరిస్తే అడుగుతుంది. ఇక తెర మీదికి రావలసినదాన్ని ఫైలులోకి మళ్లించే కోణపు గుర్తు (>). ఒకటి పెడితే పాతది చెరిపి రాస్తుంది, రెండు పెడితే చివర కలుపుతుంది. పేర్ల ఫైలును సార్ట్ చేసి అదే ఫైలులోకి ఒక కోణంతో పంపితే పేర్లన్నీ మాయమవుతాయి. ఎందుకంటే సార్ట్ మొదలయ్యేలోపే షెల్ ఆ ఫైలును ఖాళీ చేసి ఉంచుతుంది. ఈ పనికి సార్ట్‌లోనే -ఓ ఉంది. ఇలాంటివన్నీ ఎవరి కంప్యూటర్‌లో వారు, ఉత్తుత్తి ఫైళ్లతో ఒక ఫోల్డర్ చేసుకుని పాడుచేసి చూడవలసినవి. టెయిల్‌కు -ఎఫ్ చేర్చి లాగ్ పెరుగుతుండగా చూడటం, పీఎస్‌తో నడుస్తున్నవి చూసి కిల్‌తో ఆపడం, పాత కమాండ్లను కంట్రోల్ ఆర్‌తో వెదకడం కూడా ఆ రోజే చేయిస్తాను. ఇవేవీ తొలి లెవెల్స్‌లో పనిగట్టుకుని నేర్పరు.

మ్యాక్ వాడేవారికి ఒక మాట. 2019 నుంచి అందులో డిఫాల్ట్ షెల్ జెడ్‌ఎస్‌హెచ్. ఆటలో నేర్చిన కమాండ్లు చాలావరకు అలాగే పనిచేస్తాయి, కానీ మ్యాక్‌లోని ఫైండ్, సెడ్ లాంటివి బీఎస్‌డీ అనే మరో యూనిక్స్ వంశానివి. ఎక్కడ వెదకాలో చెప్పకుండా ఫైండ్ కొడితే లినక్స్ ఊరుకుంటుంది, మ్యాక్ ఊరుకోదు. అక్కడ పనిచేసిన ఆప్షన్ ఇక్కడ ఎందుకు పనిచేయలేదని తల బాదుకునే ముందు మీ మ్యాక్‌లోని మ్యాన్ పేజీ తెరవండి.

లెవెల్ పేజీలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. వాక్యాలు చిన్నవి కాబట్టి తెలుగు మాధ్యమంలో చదివినవారికీ ప్రశ్న అర్థమవుతుంది, కానీ చదువుకోమని ఇచ్చిన లింకుల దగ్గర అలసిపోతారు. అలాంటివారిని ఇద్దరిద్దరిగా కూర్చోబెడతాను. ఒకరు చదివి చెప్పాలి, ఒకరు టైపు చేయాలి, లెవెల్ మారినప్పుడు చోటు మారాలి. ఒంటరిగా ఆడేవారికంటే వీరే తక్కువసార్లు నన్ను పిలుస్తారు.

మార్కులంటూ వేయాలంటే, టెర్మినల్ బెరుకు పోగొట్టడంలో పదికి తొమ్మిది, డెవలపర్‌కు సంపూర్ణ శిక్షణగా పదికి అయిదు. ఇప్పటికే రోజూ టెర్మినల్‌లో పనిచేసేవారికి మొదటి పది లెవెల్స్ ఒక సాయంత్రపు కాలక్షేపం. కొత్తవారు రోజుకు రెండు మూడు చొప్పున నెమ్మదిగా ఆడాలి. ఎంతవరకు ఆడారో సైటు గుర్తుపెట్టుకోదు, పాస్‌వర్డ్‌లు అప్పుడప్పుడు మారుతుంటాయి కూడా. కాబట్టి పాస్‌వర్డ్‌తో పాటు, దాన్ని ఏ కమాండ్‌తో రాబట్టారో ఒక ఫైలులో రాసి పెట్టుకోండి.

ఆడదలచినవారు బ్యాండిట్ డాట్ ల్యాబ్స్ డాట్ ఓవర్‌దవైర్ డాట్ ఆర్గ్ అనే సర్వర్‌కు, 2220 పోర్టుకు ఎస్‌ఎస్‌హెచ్ చేయాలి. పోర్టు చెప్పడానికి చిన్న బడి (స్మాల్ లెటర్) పీ వాడాలి. ఎస్‌సీపీతో ఫైళ్లు పంపేటప్పుడు అదే పీ పెద్ద బడి అవుతుంది, ఎందుకంటే అక్కడ చిన్న పీని ఫైలు సమయాలు, అనుమతులు అలాగే ఉంచడానికి ముందే కేటాయించారు. మొదటి లెవెల్‌కు పేరూ పాస్‌వర్డూ రెండూ బ్యాండిట్0. పన్నెండు పూర్తయ్యాక సర్వర్ భద్రత మీద మనసు పోతే ముందుకు సాగండి. లేకపోతే 27 నుంచి 31 దాకా ఉన్న లెవెల్స్ పేజీలు చదివి చూడండి, అవి గిట్ (కోడులో మార్పులను భద్రపరిచే ప్రోగ్రామ్) రిపాజిటరీల మీద కట్టినవి. నేరుగా అక్కడికి దూకడానికి వీల్లేదు, వాటి పాస్‌వర్డ్ వాటి ముందు లెవెల్‌లోనే ఉంటుంది. అందుకని అదే గిట్ సాధనను నేను మా ఆఫీసు రిపాజిటరీ నకలు మీద చేయిస్తున్నాను.